చేటెడు జొన్నలకు కొన్న కొడుకు

వూచ్, పోలండ్
2 జూన్ 2024

చిన్నమామకు సుధ నమస్కారాలు.

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరమేమిటని మీరైతే నవ్వరు. ముప్ఫై ఎనిమిదేళ్లు కోసిగి పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన మనిషి ఉత్తరాన్ని చూసి ఎందుకు నవ్వుతారు! పైగా పోయినసారి మనం ఫోన్‌లో అరగంట మాట్లాడుకున్నాక, మీరు వీరేష్‌ను పిలిచి "సుధ ఏమనింది?" అని అడిగారట. మీ చెవుల మీద నాకు నమ్మకం పోయింది. కళ్ళ మీద ఇంకా ఉంది.

మీరు ఊర్లో అందరికీ నేను అమెరికాలో ఉన్నానని చెబుతున్నారట. ఇప్పుడు అక్కడ లేను మామా. డయాలసిస్ మిషన్లు చేసే మా కంపెనీ, ఇక్కడి నర్సులకు పని నేర్పమని నన్ను పద్దెనిమిది నెలలకు పోలండ్ పంపింది. వచ్చే ఏడాది జూన్‌తో గడువు తీరుతుంది. అమెరికాలో నా అద్దె ఇల్లు అలాగే ఉంది, పన్నులు అక్కడే కడుతున్నాను. తిరిగి అక్కడికే వెళతానని రుజువు ఉంటేనే నా భర్తగా వీరేష్‌కు గ్రీన్‌కార్డు ఇస్తారు. అందుకని ఖాళీ ఇంటికి కరెంటు బిల్లు కూడా కడుతున్నాను.

మా పెళ్ళిని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు వీరేష్ పుట్టిన కాగితం కావాలంటున్నారు. కోసిగిలో ఇంట్లో పుట్టిన బిడ్డకు కాగితం ఎక్కడిది? రికార్డులో లేదని తాసిల్దారు ఆఫీసు నుంచి వీరేష్ రాయించుకున్నాడు. దానికి తోడు, వాడు పుట్టినప్పుడు దగ్గరున్న పెద్దవాళ్ళు ఇద్దరు ప్రమాణపత్రం ఇవ్వాలి. వాడి అమ్మానాన్నలు లేరు కాబట్టి చిన్నాన్నగా మీరే దిక్కు. మీరొకటి, అప్పుడు అక్కడున్న ఇంకెవరైనా ఒకటి. ఆదోనిలో నోటరీ చేయించి పంపండి.

ఈ ఊరు ఒకప్పుడు పత్తి మిల్లులకు పేరట. మూతపడ్డ మిల్లు గోడల పక్కన నడుస్తుంటే ఆదోనిలో మా నాన్న గుమాస్తాగా చేసిన జిన్నింగు మిల్లు గుర్తొస్తుంది. వాసన మాత్రం లేదు.

మీ కోడలు,
సుధ

*

కోసిగి
21 జూన్ 2024

అమ్మా సుధా, పది కాలాలు చల్లగా ఉండు.

నీ ఉత్తరం పన్నెండు రోజుల్లో చేరింది. స్టాంపు మీద ముద్ర సరిగా పడలేదు. నేనుండి ఉంటే ఆ గుమాస్తాను మందలించేవాణ్ణి.

పని అయిపోయింది. ఆదోని కోర్టు దగ్గర శామ్యూల్ అని నోటరీ వకీలు ఉన్నాడు, మంచివాడు. నేను తెలుగులో రాసుకొని పోయినాను, ఆయన ఇంగ్లీషులో కొట్టించినాడు. ప్రభుత్వానికి ఇచ్చే కాగితంలో ఒక్క మాట దాచకూడదనేది నా సర్వీసు అలవాటు. అందుకని జరిగింది జరిగినట్టు మొత్తం రాయించినాను. ఏం రాయించినానో నీకూ తెలియాలి కదా, విను.

మా వదిన గంగమ్మకు వీరేష్ కంటే ముందు ముగ్గురు పుట్టి పోయినారు. ఒక్కరూ నెల దాటలేదు. నాలుగోసారి వీరేష్ పుట్టినాక, మా వైపు పద్ధతి ప్రకారం బిడ్డను మూడో రోజు చేటలో పడుకోబెట్టి గడప బయట పెట్టినాము. పక్కింటి హులిగమ్మ చేటెడు జొన్నలు పోసి బిడ్డను కొనుక్కొని పోయింది. కన్నతల్లి బిడ్డ కాదు, ఇంకొకరి సొత్తు అంటే చావు వాని జోలికి రాదని నమ్మకం. హులిగమ్మకు అప్పుడు చంకలో కూతురుంది. ఇద్దరికీ పాలిచ్చింది. వీరేష్ బతికినాడు. ఇదంతా రాయించి, సాక్షిగా హులిగమ్మ చేత వేలిముద్ర వేయించినాను. ఆమె సంతోషంగా వేసింది. అమెరికా దాకా తన పేరు పోతుందా అని నాలుగుసార్లు అడిగింది.

వాన చినుకు లేదు. సగం ఊరు బెంగళూరు పోయింది. యెమ్మిగనూరులో వీరేష్ మోటారు వైండింగ్ షాపు మాత్రం బాగా నడుస్తోంది, బోర్లు కాలిపోతున్నాయి కదా. ఒకరి కష్టం ఇంకొకరికి గిరాకీ.

ఆశీస్సులతో,
జయన్న, రిటైర్డ్ పోస్టుమాస్టరు

*

వూచ్
26 జూలై 2024

చిన్నమామా,

నమస్కారం. మీమీద కోపంగా ఉంది. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను, తగ్గలేదు.

మీ ప్రమాణపత్రం చదివి అమెరికాలో మా వకీలు నాకు ఫోన్ చేసింది. "మీ భర్తను పుట్టిన మూడో రోజున అమ్మారా?" అని అడిగింది. అవును, జొన్నలకు అని ఎలా చెప్పను? అమ్మినవాళ్ళు ఎవరు, కొన్నవాళ్ళు ఎవరు, దత్తత కాగితం ఉందా, చట్టప్రకారం తల్లి ఎవరు, ఇప్పుడు ఆ పిల్లవాడిని కన్నవాళ్ళ కొడుకని ఎందుకు అంటున్నారు, అన్నీ అడిగింది. ఆ కాగితం అలాగే పైకి పంపితే ఫైలు ఆగిపోతుందట, ఎన్నాళ్లన్నది ఎవరూ చెప్పలేరట. మామా, పసిబిడ్డను అమ్మామని నోటరీ ముద్ర వేయించి పంపిన మనిషి ఈ ప్రపంచంలో మీరొక్కరే అయ్యుంటారు.

నవ్వుతూ రాస్తున్నానని అనుకోకండి. మా పెళ్ళయి రెండేళ్లు దాటింది. కలిసి ఉన్నది మొత్తం యాభై మూడు రోజులు. నాకు ముప్ఫై ఏడేళ్లు. పిల్లల గురించి డాక్టరు ఏం చెప్పిందో వీరేష్‌కు తెలుసు, మీకు రాయలేను. జూన్‌లో నేను అమెరికా వెళ్ళేసరికి ఈ పని కాకపోతే మళ్ళీ ఎన్నేళ్లో.

కొత్తగా రెండు ప్రమాణపత్రాలు కావాలి. మీది రెండే ముక్కలు: వీరేష్ ఫలానా రోజు కోసిగిలో మీ అన్నకూ గంగమ్మ అత్తకూ పుట్టాడు, అంతే. రెండోది హులిగమ్మ గారిది: తను వాడి తల్లి కాదని, పెంచుకోలేదని, కొనలేదని. దయచేసి ఇంకేమీ కలపకండి.

సుధ

*

కోసిగి
14 ఆగస్టు 2024

అమ్మా సుధా,

నీ కోపం న్యాయమే. నేను చదివిన చదువుకు "అమ్మినాము" అనే మాట ఇంగ్లీషులో అట్లా వినపడుతుందని తట్టలేదు. ఇక్కడ ఆ మాట వింటే ఎవరూ తల కూడా ఎత్తరు. మా వీధిలోనే చేటలో అమ్ముడుపోయినవాళ్ళు ముగ్గురున్నారు, ఒకాయన వార్డు మెంబరు.

నా కాగితం నువ్వు చెప్పినట్టు రెండు ముక్కల్లో రాయించినాను. ఒక్క మాట కలపలేదు.

హులిగమ్మ మాత్రం వేలిముద్ర వేయనంటోంది. నేనూ వీరేష్ ఇద్దరం పోయి కూర్చున్నాము. కాగితం చదివి వినిపించినాను. ఆమె కోపం చేసుకోలేదు. పద్ధతి గుర్తు చేసింది, అంతే. బిడ్డకు అయిదేళ్లు నిండినాక, గండం దాటిందని, కన్నతల్లి అన్ని గింజలూ తిరిగి పోసి బిడ్డను మళ్ళీ కొనుక్కోవాల. వీరేష్‌కు నాలుగేళ్లప్పుడే గంగమ్మ వదిన పోయింది. అన్న తాగుడులో పడినాడు. గింజలు ఎవరూ పోయలేదు.

ఆమె అన్న మాట రాస్తాను. "జయన్నా, వాణ్ణి నా దగ్గర్నించి ఎవురూ తిరిగి కొనలేదు. కొనలేదని నేనెట్ల ముద్ర యేసేది? అది అబద్ధం గదా."

కాగితం మడిచి తెచ్చుకున్నాను. ఆమెకు చెప్పే జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

జయన్న

*

వూచ్
4 సెప్టెంబరు 2024

చిన్నమామకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత సూటిగా రాసే మనిషి ఈసారి డొంకతిరుగుడుగా రాశారని నాకనిపించింది. మీరు మొహమాటపడి చెప్పలేకపోయినదాన్ని నేను అర్థం చేసుకున్నాను.

వీరేష్ ఖాతాకు పాతిక వేలు పంపాను. హులిగమ్మ గారికి ఇవ్వమనండి, మంచి చీర కూడా కొనిపెట్టమనండి. ఆమె నాలుగేళ్లు చూసుకున్నారు, ముసలి వయసులో ఆశపడటంలో తప్పు లేదు. ఆ జొన్నల లెక్క అలా తీరిపోతుంది. కాగితం మీద వేలిముద్ర పడితే చాలు.

ఇంకొక మాట. వీరేష్ పది రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. షాపులో పని ఎక్కువ అంటాడు. వాడికి రావడం ఇష్టం లేదేమోనని భయంగా ఉంది. యెమ్మిగనూరులో సొంత షాపు, చుట్టూ స్నేహితులు, అన్నీ వదిలి రమ్మంటున్నాను. ఇష్టం లేకపోతే నోరు తెరిచి చెప్పమనండి. మీరైనా దాచకుండా రాయండి.

సుధ

*

కోసిగి
23 సెప్టెంబరు 2024

సుధా,

నేను డొంకతిరుగుడుగా ఎప్పుడూ రాయలేదు. నువ్వే మలుపులు పెట్టుకొని చదివినావు. పెద్దవాణ్ణి, ఒకసారి తిట్టనీ.

ఆ పాతిక వేలు వీరేష్ ఆమెకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదయింది. ఇచ్చినా ఆమె తీసుకోదు, కానీ విన్నది మనసులో ఉండిపోతుంది. నాలుగేళ్లు చూసుకున్నారని రాసినావే, ఎవరు చెప్పినారు నీకు నాలుగేళ్లని? గంగమ్మ వదిన పోయేదాకా నాలుగేళ్లు. ఆ తర్వాత ఎవరు? మా అన్నా? మా అన్న ఏ అరుగు మీద పడి ఉంటాడో వెతకడానికి నేను సైకిలేసుకొని తిరిగేవాణ్ణి.

ప్రతి ఏడూ సంక్రాంతి పోయినాక మా ఊర్నుంచి మిరపకాయల కోతకు గుంటూరు పోతారు. హులిగమ్మ తన కూతుర్నీ వీణ్ణీ ఇద్దర్నీ తీసుకొని పోయేది. వీడు ఎనిమిదో తరగతిలోకి వచ్చినాక, చదువు పాడవుతుందని కూతుర్ని మాత్రం పనికి తీసుకొని పోయి, వీణ్ణి ఆదోని హాస్టల్లో పెట్టింది. ఐటీఐ ఫీజు ఆమె మిరపకాయలే కట్టినాయి. ఆ పిల్ల చదువు ఆగిపోయింది, వీడి చదువు సాగింది. వీరేష్ నీకు ఇది చెప్పలేదంటే సిగ్గుపడి చెప్పలేదు.

ఇందులో నా తప్పు ఉంది, రాసేస్తాను. వదిన పోయినాక చేటెడు గింజలు పోసి బిడ్డను ఇంటికి తెచ్చుకోవలసినవాణ్ణి నేను. నాకప్పుడు ఇద్దరు పిల్లలు, జీతం చిన్నది. ఇంకో నోరు వస్తుందని ఆ సంగతి ఎత్తలేదు. రేపు, మాపు అని ముప్ఫై ఏళ్లు జరిపినాను. ప్రమాణపత్రంలో అన్ని నిజాలూ రాసిన మనిషి ఈ ఒక్కటీ రాయలేదు.

నీ ఉత్తరం చూసి ఇప్పుడైనా పోద్దామని చేట తీసినాను. వీరేష్ నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఇన్నేండ్లకు నన్ను కొనుక్కొని ఏం సేస్తావు చిన్నాయనా? ఆమెను ఆ మాట అడిగితే నేను యాడికీ పోను" అన్నాడు. ఆమె చేత తల్లిని కాదనిపించమని నువ్వు రాసినప్పటి నుంచి వాడికి ఇదే బాధ, నీతో మాట్లాడకపోవడానికి కారణం ఇదే. నీ దగ్గరికి రావాలని వాడికి లేకపోలేదు. ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకం షాపులో వైర్ల కింద పెట్టుకొని చదువుతున్నాడు, నేను చూసినాను.

చెప్పవలసింది చెప్పినాను. భోజనం వేళకు తిను.

జయన్న

*

వూచ్
10 అక్టోబరు 2024

చిన్నమామా,

మీ తిట్లు తిన్నాను. ఇంకా నాలుగు తిట్టినా పడాల్సిందే. ఆ డబ్బు గురించి రాసిన ఉత్తరం చించేయండి. ఉత్తరాలు దాచిపెట్టే మీ అలవాటు నాకు తెలుసు, దాన్ని మాత్రం దాచకండి.

వీరేష్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. తర్వాత ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఆమెకు ఇష్టం లేకపోతే ఏ కాగితమూ వద్దు. జూన్‌లో నేను ఈ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి యెమ్మిగనూరు వచ్చేస్తాను. ఆదోనిలోనూ డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఉన్నారు. పన్నెండేళ్లు కష్టపడి కట్టుకున్నదంతా వదలాలంటే గుండె పీకుతోంది, ఆ సంగతి దాచను. అయినా వస్తాను.

మా వకీలుతో మళ్ళీ మాట్లాడాను. అబద్ధం అక్కర్లేదంది. కొనడమనేది ఆచారమని, వ్యాపారం కాదని వివరంగా రాస్తే సరిపోతుందట. కానీ చట్టప్రకారం ఆమె తల్లి కాదన్న వాక్యం మాత్రం ఉండి తీరాలట. ముసాయిదా పంపుతున్నాను. దాంతోపాటు ఈ కింది నాలుగు ముక్కలు ఆమెకు నెమ్మదిగా చదివి వినిపించండి.

హులిగమ్మత్తా, నేను సుధను. పెళ్ళిలో నువ్వెవరో నాకు సరిగా తెలియలేదు, పలకరించి ఊరుకున్నాను. నీ గురించి తప్పుగా అనుకున్నాను, ఆ తప్పేమిటో మామను అడగొద్దు. నీ కొడుకును నా దగ్గరికి పంపమని అడుగుతున్నాను. నువ్వు ముద్ర వేయకపోతే నేనే నీ దగ్గరికి వస్తాను, నీమీద కోపం పెట్టుకోను.

సుధ

*

ఆదోని
6 నవంబరు 2024

అమ్మా సుధా,

వేలిముద్ర పడింది. రెండు ప్రమాణపత్రాలూ ఇందులో ఉన్నాయి. కోర్టు పక్క పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను, రిజిస్టరు పోస్టుకు టైము అయిపోతోంది. రాజీనామా గీజీనామా ఇవ్వొద్దు.

జయన్న

*

వూచ్
18 మే 2025

చిన్నమామకు నమస్కారాలు.

వీసా వచ్చిన సంగతి ఫోన్‌లో అరిచి చెప్పాను, మీకు వినపడే ఉంటుంది. ముంబై ఇంటర్వ్యూలో పది నిమిషాలు కూడా పట్టలేదట. ఆ ఆఫీసరమ్మ హులిగమ్మత్త కాగితం చదివి, ఈవిడ ఇప్పుడు ఎలా ఉంది అని మాత్రం అడిగిందట. బాగుంది అన్నాడట వీరేష్.

జూన్ చివర నేను ఇక్కణ్ణుంచి నేరుగా అమెరికా వెళ్ళాలి, కంపెనీ సెలవు ఇవ్వలేదు. వీరేష్ జూలైలో హైదరాబాదు నుంచి వస్తాడు. ఇద్దరం కలిసి మీ అందరినీ చూడడానికి ఫిబ్రవరిలో వస్తాం.

ఒకటి అడగాలి. నవంబరులో మీరు నాలుగు లైన్లు రాసి ఊరుకున్నారు. ఉల్లిగడ్డ ధర గురించే రెండు పేజీలు రాసే మనిషి మీరు. ఆ రోజు నోటరీ దగ్గర ఏం జరిగిందని వీరేష్‌ను అడిగితే మాట మారుస్తున్నాడు. ఆమె ఏడ్చిందా? మీరు బలవంతపెట్టారా? లేక నామీద కోపమా? ఆరు నెలలుగా ఇదే ఆలోచన.

సుధ

*

కోసిగి
17 జూలై 2025

అమ్మా సుధా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. ఆ రోజు జరిగింది నీకు రాయొద్దని, వీరేష్ విమానమెక్కేదాకా రాయొద్దని, హులిగమ్మ నా చేత ఒట్టు పెట్టించుకుంది. "ఆ పాపకు రాస్తే మనసు మార్సుకుంటాది, ఈడికే వచ్చేస్తాది" అంది. మొన్న వాడు ఎక్కినాడు. ఇది నీకు చేరేసరికి నీ పక్కనే ఉంటాడు. ఒట్టు తీరింది, రాస్తున్నాను.

నీ నాలుగు ముక్కలు ఆమెకు మూడుసార్లు చదివినాను. మూడోసారి విని, రేపు ఆదోనికి పోదామంది. పొద్దున రైలుకు వీరేష్‌తో కలిపి ముగ్గురం పోయినాము. శామ్యూల్ ముందుగానే ఇంగ్లీషులో కొట్టించి పెట్టినాడు. తెలుగులో చదివి చెప్పాల కదా, చదివినాడు. బిడ్డను కొనడం మా ప్రాంతపు ఆచారం, అందులో వ్యాపారం లేదు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత, నేను ఇతనికి జన్మనిచ్చిన తల్లిని కాను. నేను ఇతణ్ణి దత్తత తీసుకోలేదు. చట్టప్రకారం ఇతని మీద నాకు ఏ హక్కూ లేదు. చివర, ప్రమాణం చేస్తున్న మనిషి ఇతనికి ఏమవుతుందో రాసే చోట, పొరుగింటి మనిషి అని ఉంది.

ఆ మాట దగ్గర శామ్యూల్ కూడా ఆగినాడు. నేను తట్టుకోలేకపోయినాను. ఆ మాట కొట్టేయండి, ఇంకేదైనా రాయండి అన్నాను. ఏం రాయాలని ఆయన అడిగినాడు. అప్పుడు హులిగమ్మ నన్ను ఆపింది.

"నువ్వు ఊరుకో జయన్నా. నీ నిజం ఒగసారి రాసి సూసినావు గదా."

తర్వాత శామ్యూల్ వైపు తిరిగి ఆమె అన్నది, నాకు వినపడినంత వరకు, ఇదీ: "హక్కు లేదనే రాసుకోండయ్యా. ఆ పొద్దు నేను హక్కు కోసరం కొన్నానా? ముగ్గురు పోయినారు, వీడన్నా బతకాల్ల అని కొన్నా. బతికినాడు. ఇంగేం గావాల్ల నాకు?"

అని బొటనవేలు చాపింది. ముద్ర సరిగా పడలేదు. జొన్నలు దంచీ, మిరపకాయలు కోసీ ఆమె వేలి మీద గీతలు అరిగిపోయినాయి. మూడుసార్లు వేయవలసి వచ్చింది. మూడుసార్లూ ఆమే అద్దింది. వీరేష్ రెండోసారికే బయటికి పోయినాడు. నేను పోతే, గోడకు మొహం పెట్టి నిలబడినాడు. ఆమె బయటికి వచ్చి, ఆకలవుతోందా అని వాణ్ణి అడిగింది. ఆదోని బస్టాండు దగ్గర ముగ్గురం బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాము. వాడు తింటుంటే చూస్తూ కూర్చుంది. తనది సగం వాడి ఆకులో వేసింది.

గింజలు ఎవరూ పోయలేదు. ఇక ఎవరూ పోయరు. వాడు పోయేముందు ఆ సంగతి మళ్ళీ ఎత్తొద్దని నాతో గట్టిగా చెప్పినాడు. కాబట్టి అమెరికా ఫైల్లో నీ మొగుడు గంగమ్మ కొడుకు, మా వీధిలో హులిగమ్మ కొడుకు. నువ్వెట్లా లెక్క పెట్టుకుంటావో నీ ఇష్టం.

మొన్న వాడు బస్సెక్కినాక ఆమె ఇంటికి పోలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చింది. సుధకు ఉత్తరం రాస్తావు గదా, నా మాట ఒకటి రాయమంది. అది రాయడానికే ఇంత రాసినాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క అక్షరం నాది కాదు.

"పాపా, వాడు జొరమొచ్చినా సెప్పడు. ఊరికే పండుకుంటాడు. నొసలు మీద సెయ్యి పెట్టి నువ్వే సూసుకోవాల్ల. ఇన్ని దినాలు నేను సూసినా, ఇంగ నువ్వు సూడు."

ఆశీస్సులతో,
మీ చిన్నమామ జయన్న